నదికెదురుగా ఒక్కరికే గది

బువాలయ్‌కి ఒంటరిగా పడుకోవాలనుంది. మనిషన్నాక కోరికలుంటాయి. ఒకరికి బంగారు గొలుసు, ఒకరికి కొత్త మోటారుసైకిలు. ఈవిడకి ఒక్క రాత్రి, ఒక్క మంచం, లోపలినుంచి గడియ పడే ఒక్క తలుపు. ఇందులో నేరమేముందో మీరే చెప్పండి.

పుట్టినప్పుడు అమ్మ పక్కలో, అక్కల కాళ్ళ మధ్య పడుకుంది. పెళ్ళయ్యాక మొగుడు కంసింగ్ పక్కన పడుకుంది. పిల్లలు పుట్టాక మొగుడికీ పిల్లలకీ మధ్య మిగిలిన జాగాలో సర్దుకుంది. కంసింగ్ పోయినరోజు, ఇంకా శవాన్ని ఇంట్లోంచి తియ్యకముందే, ఆయన అక్క ప్రయూన్ తన దిండూ దుప్పటీ చంకన పెట్టుకొచ్చి, "నేనున్నాను, నువ్వు భయపడకు" అంటూ దోమతెరలో దూరింది. ఆ దూరడం దూరడం మళ్ళీ బయటికి రాలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. ప్రయూన్ గురక పెడుతుంది. గురక లేనప్పుడు మాట్లాడుతుంది. ఆ రెండూ లేనప్పుడు మోచేత్తో పొడిచి, "నిద్రపోయావా?" అని అడుగుతుంది.

బువాలయ్ ఒక్కనాడూ భయపడలేదు. ఆ సంగతి ఎలా చెప్పాలో మాత్రం ఆమెకి తెలియలేదు. ప్రేమకొద్దీ పక్కన పడుకున్న మనిషిని లేచి పొమ్మనడానికి ఆ ఊళ్ళో ఇంతవరకూ మాట పుట్టలేదు. చెబితే ప్రయూన్ ఏడుస్తుంది, ఆమెని చూసి ఊరు ఏడుస్తుంది, ఆఖరికి ఓదార్చడానికి బువాలయ్ పక్కనే ఇంకో ఇద్దరు పడుకుంటారు.

అందుకని హోటల్ అనుకుంది. కళ్ళు చూపించుకోడానికి నఖోన్ ఫనోమ్ పట్నం వెళ్ళినప్పుడు నది ఒడ్డున ఒక గులాబీరంగు మేడ చూసింది. చవక గదులని బోర్డు. పై అంతస్తు కిటికీలో తెల్ల తెర గాలికి ఊగుతోంది, లోపల ఎవరూ లేరు. ఎవరూ లేని గది ఎంత బావుందో అని రోడ్డు మీదే నిలబడిపోయింది. అప్పట్నుంచి ఆ తెర ఆమె మనసులోంచి పోలేదు.

ఒకరోజు పొద్దున్న కూతురు ఒరతయ్ ఫోను నొక్కుకుంటూ ఉంటే పక్కన కూర్చుని మెల్లగా విషయం కదిపింది.

"ఎంతమందని పెట్టనమ్మా?" అంది ఒరతయ్.

"ఒక్కరని పెట్టు."

"ఒక్కరేంటి? మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళు లేరు. నేనే."

ఒరతయ్ ఫోను ఒళ్ళో పెట్టేసింది. "ఎవరితో గొడవైందమ్మా?"

"ఎవరితోనూ కాలేదే."

"డాక్టరేమన్నా చెప్పాడా? నా దగ్గర దాచకు."

"కళ్ళజోడు మార్చమన్నాడు. ఒక్క రాత్రి హాయిగా పడుకుందామని, అంతేనే తల్లీ."

"ఇక్కడ పడుకోవట్లేదా నువ్వు? మేమంతా లేమా?" అని ఒరతయ్ కళ్ళొత్తుకుంది. ఏడుస్తూనే గది బుక్ చేసింది, ఆ మాత్రం మంచిపిల్లే. కానీ ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం వంటపొయ్యిలు రాజుకునేసరికి ఊరంతా పొక్కిపోయింది.

ఆడది ఒంటరిగా నది ఒడ్డున గది తీసుకుంటోందంటే రెండే కారణాలని ఊరు తేల్చింది. నదిలో దూకడానికైనా అయ్యుండాలి, లేదా ఎవడో ఉండుండాలి. ప్రయూన్ ఇంటి పరువు తలచుకుని దూకడం వైపే మొగ్గింది. ఆ సాయంత్రమే చాప పరిచి అందర్నీ కూర్చోబెట్టింది. అందరూ అంటే ఒరతయ్, ఆమె పిల్లలు, ప్రయూన్ కొడుకు థవిన్, అతని పెళ్ళాం. థవిన్‌కి బడిపిల్లల్ని తిప్పే వ్యానుంది. ఆ ఇంట్లో ఏ కష్టమొచ్చినా ముందు ఆ వ్యానే గుర్తొస్తుంది.

"మా తమ్ముడి పెళ్ళాం అనాథ కాదు" అంది ప్రయూన్. "దానికి హోటల్ మీద మనసైతే పోనీ, వద్దనడానికి మనమెవరం? తోడు నేను వెళ్తాను."

"మీరిద్దరూ ఆడాళ్ళు" అన్నాడు థవిన్. "నేను దింపి, అక్కడే ఉంటా."

"ఆయన ఒక్కరే ఎలా ఉంటారు?" అంది పెళ్ళాం.

"నేను రాకపోతే అమ్మని ఎవరు చూస్తారు?" అంది ఒరతయ్. ఆమె వస్తే పిల్లలు రావాలి. పిల్లలొస్తే ఫ్యాను రావాలి, అది లేకపోతే చిన్నది నిద్రపోదు.

"గది ఒక్కరిదే కదా" అంది బువాలయ్ సన్నగా.

"గది ఒకటి చాలు" అంది ప్రయూన్. "డబ్బులు తగలెయ్యడమెందుకు? సర్దుకుంటాం. నువ్వేం దిగులు పెట్టుకోకు."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. ఇక్కడ ఉలిపికట్టె దారికి ఊరు కూడా వ్యానెక్కి బయల్దేరింది. బువాలయ్ జిగురన్నం బుట్ట దగ్గర కూర్చుని నోరు మూసుకుంది. వెళ్ళనంటే కారణం అడుగుతారు. చెబితే మళ్ళీ చాప పరుస్తారు.

మర్నాడు ప్రయూన్ తనే హోటల్‌కి ఫోన్ చేసింది. ఎత్తింది పైలిన్ అని, అక్కడ తాళాలూ లెక్కలూ చూసుకునే ఆవిడ.

"మీ మంచం తల ఎటుంది?" అని అడిగింది ప్రయూన్.

"పడమరకండీ. పడుకుంటే ఎదురుగా నది కనిపించాలని అలా వేయించారు."

"పడమటి తల శవానికి కదా పెడతారు. మా పిల్లని అలా పడుకోబెడతారా?"

పైలిన్ గొంతు తగ్గించింది. "నిజమేనండీ, నాకూ ఎప్పట్నుంచో మనసులో పీకుతూనే ఉంది. మా యజమాని బ్యాంకాక్ మనిషి, ఆయనకివేం తెలుసు? ఇవాళే తిప్పిస్తాను."

"వరండాలో చివరి గది కాదు కదా? దయ్యాలు చేరేది అక్కడే."

"అబ్బే. చివరి గదిలో చీపుళ్ళు పెట్టుకున్నాం. ఆ చీపుళ్ళ కోసం కూడా ఇద్దరం కలిసే వెళ్తాం."

"మంచానికి ఎదురుగా అద్దముందా?"

"ఉంది. దుప్పటి కప్పేస్తాను. ఇంతకీ అమ్మగారూ, ఒక్కరే అని బుక్ అయింది. నిజంగా ఒక్కరేనా?"

"గది ఒక్కరికే. తోడు మేమంతా వస్తున్నాం."

పైలిన్ ఊపిరి పీల్చుకోవడం ఫోనులో వినిపించింది. "బతికించారు. ఒక్కరే అని చూసి మాకు అన్నం సయించలేదు. చాపలు నేనిస్తాను, మోసుకురాకండి" అంది.

అయినా మోసుకెళ్ళారు. చాపలు, దిండ్లు, ఫ్యాను, జిగురన్నం బుట్టలు, పులియబెట్టిన చేపల జాడీ, పచ్చిబొప్పాయి పచ్చడి దంచడానికి రోలూ రోకలీ. వ్యానులో బువాలయ్‌కి రోలు పక్కన చోటు దొరికింది. దారంతా అది దొర్లిపోకుండా కాలు అడ్డం పెట్టుకునే కూర్చుంది.

గది ముందు అందరూ చెప్పులు విప్పారు. ప్రయూన్ తలుపు తట్టి, చేతులు జోడించి, ఆ చోటు కాసుకునే, కంటికి కనిపించని పెద్దలకి విన్నవించుకుంది. ఖాళీ గదిలోకైనా చెప్పకుండా పోవడం మర్యాద కాదు కదా. ఒక్కొక్కర్నీ పేరు పేరునా పరిచయం చేసింది. పిల్లలు అల్లరి చేస్తే మన్నించమంది. ఫ్యాను కూడా మాదే, దొంగ సొత్తు కాదంది. బువాలయ్ పేరు దగ్గర, "పాపం, దీనికి మనసు బాలేదు" అని చేర్చింది.

తలుపు తీస్తే మంచం అడ్డంగా ఉంది. తలని పడమర నుంచి తిప్పారు, బాగానే ఉంది, కానీ ఇప్పుడు స్నానాలగది తలుపు సగమే తెరుచుకుంటోంది. థవిన్ పెళ్ళాం బక్కది, దూరింది. ప్రయూన్ దూరబోయి నడుం దగ్గర ఆగింది. ఆమెని వెనక్కి లాగి, మంచాన్ని అటు జరిపితే కాళ్ళు గుమ్మానికి ఎదురొచ్చాయి, అదీ శవం లెక్కే. ఇటు జరిపితే అద్దం, దానికి కప్పిన దుప్పటి ఊడి పడుతోంది. కిటికీ వైపు జరిపితే గది తలుపే పడటం లేదు. పైలిన్ కూడా పైకొచ్చి ఒక కోడు పట్టింది. చివరికి ఏ దిక్కుకీ చెందకుండా మంచం గది నడుమ ఏటవాలుగా నిలబడింది. అందరూ చెమట తుడుచుకుని తృప్తిగా చూసుకున్నారు.

ఇంకేముంది, చాపలు పరిచారు. ఫ్యాను తిరిగింది, టీవీ మోగింది. స్నానాలగదిలో థవిన్ పెళ్ళాం ధనాధన్ బొప్పాయి దంచుతోంది. కిటికీకి పిల్లల తడి తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. వాటి సందులోంచి అరచేతి వెడల్పు నది కనిపిస్తోంది. బువాలయ్ ఆ సందు ముందు నిలబడింది. ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. ఇంతదూరం వచ్చీ మళ్ళీ అదే దోమతెరలో ఉన్నట్టయింది.

ఇటు తిరిగి, అందరికీ వినబడేలా, "నాకు ఒక్కదాన్నే పడుకోవాలనుంది" అంది.

రోకలి ఆగింది. ఎవరో టీవీ నోరు నొక్కారు.

"భయమూ కాదు, దిగులూ కాదు. మీ మీద కోపం అసలు కాదు. ఒక్క రాత్రి నా పక్కన ఎవరూ ఉండకూడదు. అంతే" అంది.

ప్రయూన్ లేచొచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదు. ఇది దిగులే. ఒరతయ్, ఇవాళ దీనికి ఒక పక్క నేను పడుకుంటాను, ఇంకో పక్క నువ్వు పడుకో. నదివైపు నువ్వుండు" అంది.

నిజం చెప్పి చూసింది, పని చెయ్యలేదు. అలాంటప్పుడు మనిషి ఏం చేస్తుంది? బువాలయ్ మంచం వంక చూసింది. దానిమీద థవిన్ కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"థవిన్, కాస్త జరుగు నాయనా" అంది నెమ్మదిగా. "మీ మావయ్య మీద కాళ్ళు పెట్టావు."

"ఏ మావయ్య?" అన్నాడు థవిన్. అన్నాక అర్థమైంది. అతను మంచం మీంచి లేవడం ఎవరూ చూడలేదు, వరండాలో ఉండటం మాత్రం చూశారు.

"ఎప్పుడొచ్చారో ఏమో, కూర్చునున్నారు" అంది బువాలయ్. "నాతో విడిగా మాట్లాడాలట."

అబద్ధం ఇంత సుళువుగా వస్తుందని ఆమెకే తెలియదు. పిల్లలు పోయారు, చాపలు పోయాయి, ఫ్యాను కూడా తీగతో సహా పోయింది. థవిన్ పెళ్ళాం స్నానాలగది తలుపు సందులోంచి రోలుతో సహా ఎలా బయటపడిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

బువాలయ్ తలుపు మూయబోతుంటే బయటినుంచి థవిన్, "అత్తా, ఒక్క మాట. ఎల్లుండి లాటరీ తీస్తారు. మావయ్యని ఆఖరి రెండంకెలు అడగవూ?" అన్నాడు.

"ఏడు, నాలుగు" అంది బువాలయ్, గడియ మీద చెయ్యేసి.

"అంకెలు తిప్పి కొన్నా తగులుతుందంటారేమో కనుక్కోండి" అంది పైలిన్, థవిన్ భుజం వెనకనుంచి. "మీవాళ్ళకి కింద హాల్లో పడక నేను చూస్తాను. దానికేమీ తీసుకోం."

తగులుతుందన్నారంది బువాలయ్. లాటరీ అమ్మే మనిషి దుకాణం సర్దేస్తాడని అందరూ బిలబిలా మెట్లు దిగిపోయారు. గడియ పడింది. ఆ చప్పుడు ఎంత బావుందో ఆమెకే తెలుసు.

కానీ బయట ఒక ఊపిరి మిగిలిపోయింది.

"తమ్ముడూ" అంది ప్రయూన్, తలుపుకి నోరానించి. "బువాలయ్, వాడు ఏమంటున్నాడే?"

బువాలయ్ సిగ్గుతో చచ్చిపోయింది. గడియ తీద్దామని చెయ్యి వెళ్ళింది. తీస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ జన్మకి ఇంకో తలుపుండదు.

"బాగానే ఉన్నారట వదినా."

"నన్ను అడిగాడా?"

"అడిగారు. ఇన్నేళ్ళూ నాకు తోడు పడుకున్నందుకు మీకు దణ్ణం పెట్టమన్నారు. నాకిక భయం లేదట. నేలమీద పడుకుంటే మీ నడుంనొప్పి ఎక్కువవుతుందట, ఇకనుంచి మీ మంచం మీదే పడుకోమన్నారు."

అవతల ప్రయూన్ వెక్కిళ్ళు పెట్టింది. "చిన్నప్పట్నుంచీ వాడికి నా నడుం గురించే బెంగ, వెధవకి" అంది. తర్వాత ఏదో కింద పెట్టిన చప్పుడైంది. "అన్నం బుట్ట గుమ్మంలో పెట్టాను. వాడు ఏం తిన్నాడో ఏమో. పెట్టు." చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

బువాలయ్ ఆ అడుగులు మెట్లు దిగేదాకా నిలబడే ఉంది. తర్వాత తువ్వాళ్ళన్నీ లాగేసింది. నది మొత్తం ఒక్కసారిగా గదిలోకొచ్చింది. పొద్దు వాలుతోంది, అవతలి ఒడ్డున లావోస్ కొండల మీద ఎండ పసుపు పూసినట్టుంది. టీవీ కట్టేసి మంచం మీద వాలింది. గురక లేదు, మాట లేదు, మోచెయ్యి లేదు. ఆమెకి నవ్వొచ్చింది. సంతోషం పట్టలేక కాళ్ళు రెండుసార్లు తపతపా కొట్టింది.

కాసేపటికి తెలిసింది, తాను మంచం అంచున పడుకుని ఉందని. ఒత్తిగిలితే కింద పడేంత అంచున. అవతల బోలెడంత చోటు ఖాళీగా ఉంది. మధ్యకి జరగబోయింది, ఒళ్ళు కదలలేదు. అక్కడ ఎవరూ లేరు. ఆ అబద్ధం ఆడింది తనే కదా. మళ్ళీ జరగబోయింది. అయినా అటువైపు దుప్పటి మీద చెయ్యి వెయ్యడానికి మొహమాటంగానే ఉంది.

లేచి కూర్చుని, చీకటి పడుతున్న ఆ ఖాళీ చోటుకి చేతులు జోడించింది.

"ఏమండీ" అంది. "మీ అక్క అన్నం గుమ్మంలో పెట్టింది. వెళ్ళి తినండి. పొద్దున్నదాకా మీరు కూడా రాకండి."

ఆయన లేచి, చెప్పులు వెతుక్కుని, బయటికి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, బువాలయ్ మంచం మధ్యకి జరిగింది.