బండి నిండేదాకా

కొండ రోడ్డు ఎక్కడం మొదలవగానే మా ఆయన ఏసీ కట్టేశారు. రెండో మలుపులో పాటలు కూడా కట్టేశారు. పాటలకి ఎంత ఖర్చవుతుందండీ అని అడిగితే, ఎంతయినా ఖర్చే కదా అన్నారు. కిటికీ దించితే గాలి అడ్డుపడి బండి ఎక్కువ కరెంటు తాగుతుందట, అదీ వద్దన్నారు. ఇంకో నాలుగు మలుపులుంటే ఊపిరి కూడా తగ్గించి పీల్చమనేవారేమో. నేను మడతపెట్టిన పేపరుతో విసురుకుంటూ కూర్చున్నాను. ఆయన కళ్ళు రోడ్డు మీద కన్నా స్టీరింగు వెనక, ఛార్జింగు ఎంత మిగిలిందో చూపిస్తూ వెలిగే అంకె మీదే ఎక్కువగా ఉన్నాయి.

మా ఆయన తూకం మిషన్లు బాగుచేస్తారు. దుకాణాల్లో కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి, తేడా ఉంటే సరిదిద్దుతారు. ఇంట్లోనూ అదే బుద్ధి. ఒకరి సొమ్ము గ్రాము కూడా ముట్టుకోరు. ఊళ్ళో తిరగడానికి బాగుంటుందని ఈ కరెంటు కారు కొన్నారు. ఇంటి దగ్గరే ఛార్జింగు పెట్టుకుంటారు కనక అక్కడ ఏ బాధా లేదు. బాధంతా కొండ అవతల ఉన్న మా అమ్మాయి ఊరితోనే. వెళ్ళడానికి సరిపోతుంది, తిరిగి రావడానికి చాలదు.

పెట్రోలు కారున్న రోజుల్లో ఆయన అమ్మాయింటికి నిప్పుకోసం వచ్చినట్టు వచ్చి వెళ్ళేవారు. గుమ్మంలో నిలబడి బాగున్నావా అమ్మా అనేవారు, వియ్యంకుడు కుర్చీ చూపించేలోపు తాళంచెవి చేతిలోకి తీసుకునేవారు. పిల్లనిచ్చిన ఇంట్లో ఎక్కువసేపు కూర్చుంటే వాళ్ళకి బరువైపోతామని ఆయన లెక్క. కొత్త కారు వచ్చాక ఆ నిలువుకాళ్ళ రాక కూడా ఆగిపోయింది.

ఈలోగా అమ్మాయి మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా కట్టు వేశారు. అల్లుడు ఉద్యోగం మీద దూరంగా ఉన్నాడు, ఇంట్లో మామగారొక్కరే. నేను బస్సెక్కి వెళ్ళి వారం ఉండి వచ్చాను. ఈయన మాత్రం అక్కడి ఛార్జింగు స్టేషను పనిచేస్తుందో లేదో అంటూ ఇదిగో అదిగో అని రోజులు గడిపారు. నిన్న అమ్మాయి ఫోనులో నెమ్మదిగా అంది.

"అమ్మా, పెళ్ళయ్యాక నాన్న నా ఇంట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను మంచంలో ఉన్నా రాడా?"

ఆ మాట ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. అన్నం సగంలో వదిలేసి లేచారు. పొద్దున్నే ఎవరూ చెప్పకుండా బండి తీశారు.

ఊళ్ళోకి రాగానే తిన్నగా బస్టాండు వెనకున్న ఛార్జింగు స్టేషనుకి వెళ్ళాం. దానికి ఒక అట్టముక్క వేలాడుతోంది, మరమ్మతులో ఉందని. ఆయన దిగి చుట్టూ తిరిగి చూశారు. వెనకవైపు ఏమైనా శుభవార్త రాసి ఉంటుందేమోనని ఆ అట్టని తిప్పి కూడా చూశారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది ఆయన పని. అమ్మాయిని ఒకసారి చూసేసి, ఊరి చివర ఏ మెకానిక్కు షెడ్డులోనో ఛార్జింగు పెట్టించుకుని వెళ్ళిపోదామన్నారు. ముక్కూ మొహం తెలియని మెకానిక్కుని అడగ్గా లేనిది, అన్నయ్యగారిని అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా అన్నాను.

"వాడికైతే డబ్బులిస్తాం. వియ్యంకుడికి ఏమిస్తాం?"

నాకు ఒళ్ళు మండింది. "మీకు బండి ఆగిపోతుందని భయం కాదు. నోరు తెరిచి ఒకరిని ఒకటి అడగాలంటే భయం. ఆ భయానికి మన పిల్ల ఏడుస్తోంది."

ఆయన బండి అమ్మాయింటి వైపు తిప్పారు.

మా వియ్యంకుడికి కళ్ళద్దాల దుకాణం ఉంది. భార్య పోయినప్పటి నుంచి మాటలు బాగా తగ్గించేశారు. గేటు తీసి రండి బావగారూ అన్నారు. మా ఆయన ఎండ గురించి మాట్లాడారు, రోడ్డు గురించి మాట్లాడారు, మళ్ళీ ఎండ దగ్గరికే వచ్చారు. నేను కల్పించుకోలేదు. చివరికి నేల చూస్తూ అడిగారు.

"ఏమీ అనుకోకపోతే బండికి ఇక్కడ ఛార్జింగు పెట్టుకుంటాను బావగారూ. సాయంత్రం దాకా పడుతుంది."

వియ్యంకుడు లోపలికెళ్ళి చిన్న తాళంచెవి తెచ్చారు. ఇంటి పక్కన రేకుల నీడలో గోడకి ఒక పెట్టె బిగించి ఉంది. వారం రోజులు ఆ ఇంట్లో ఉన్నాను, దాన్ని చూశాను కూడా. నీళ్ళ మోటారుదేమో అనుకున్నాను. మూతకి సాలెగూడు పట్టి ఉంటే వియ్యంకుడు చేతిరుమాలుతో తుడిచి తెరిచారు. లోపల పెద్ద ప్లగ్‌పాయింటు, దానికి విడిగా స్విచ్చి. అది ఇస్త్రీపెట్టె కోసం పెట్టించింది కాదని మా ఆయనకి చూడగానే తెలిసిపోయింది.

"మీరూ కరెంటు కారు కొన్నారా?"

"నాకు స్కూటరు చాలు. మీరు కొన్నారని కోడలు చెప్పింది. ఆ వారమే పెట్టించాను."

"మరి చెప్పలేదేం బావగారూ?"

వియ్యంకుడు తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుతూ అన్నారు. "మీరెప్పుడూ తొందరలో ఉంటారు. చెబితే ఉండమని కాళ్ళకి అడ్డంపడ్డట్టు ఉంటుందనిపించింది. కోడల్ని కూడా చెప్పొద్దన్నాను. ఎప్పుడో ఒకసారి మీరే అడుగుతారని చూస్తున్నాను."

మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వైరు తెచ్చే మిషతో అటు తిరిగి, డిక్కీలో చాలాసేపు వెతికారు. వైరు పైనే ఉంది.

ఛార్జింగు మొదలయ్యాక ఇక చేయడానికి పనేమీ లేకపోయింది. లోపలికి వచ్చి, అమ్మాయి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అమ్మాయి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, కట్టు లోపల దురద పెడుతోంది నాన్నా అంది. ఆయన జేబులోంచి రబ్బరు బుడ్డి తీశారు, కాటాల్లో దుమ్ము ఊదేది. కట్టు అంచున పెట్టి పుస్సుపుస్సుమని గాలి కొట్టారు. అమ్మాయి పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని వియ్యంకుడు కూడా తన కుర్చీ తెచ్చుకున్నారు. ఆ తర్వాత ముగ్గురూ పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. అయినా ఎవరూ లేవలేదు.

పొద్దు వాలే వేళకి ఆయన ఫోను టింగుమంది. బండి పూర్తిగా నిండిందని తెర మీద వచ్చింది. నేను చూశాను. అమ్మాయీ చూసింది. ఆయన ఫోను తీసి మంచం మీద బోర్లించారు.

"ఇంకా ఎంతసేపు పడుతుంది నాన్నా?" అంది అమ్మాయి, ఏమీ తెలియనట్టు.

"చాలాసేపు పట్టేలా ఉందమ్మా," అని వియ్యంకుడి వైపు తిరిగారు. "బావగారూ, రాత్రికి ఇక్కడే ఉండొచ్చా?"

ఇన్నేళ్ళ కాపరంలో ఆయన తప్పు లెక్క చెప్పగా వినడం నాకు అదే మొదలు. నేను లేచి, నలుగురికీ సరిపడా బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను.