దండగ ముడి

గోడంత తెర మీద ఇంకా ఏ బొమ్మా రాలేదు. అయినా తల్లి అప్పుడే బెంచీ అంచుకి జరిగి బిగుసుకు కూర్చుంది. పక్కనే కూతురు ఒళ్ళో తాడు ఉండ పెట్టుకుని, వల అల్లే కర్రసూది పట్టుకుంది.

"మళ్ళీ చెబుతున్నానమ్మా," అన్నాడు అధికారి, మీట మీద వేలు ఉంచి. "ఇది చేతిపనుల కిటికీ. అల్లికలూ కుట్లూ, అంతే. పడవల మాట, పట్టుబడ్డవాళ్ళ మాట ఎత్తారో, తెర ఆరిపోతుంది. అటువైపు కూడా ఇలాంటి మీటే ఉంది. దాని మీదా ఒకాయన వేలుంది."

సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న రెండు ప్రభుత్వాలకీ మాటల్లేవు. మంత్రులు మొహాలు చూసుకోవడం మానేశాక, జనాన్నయినా చూసుకోనిద్దామని రెండు ఊళ్ళ గ్రంథాలయాల్లో ఈ తెరలు పెట్టించింది ఈ అధికారే. పైవాళ్ళకి అది మొదటినుంచీ కంట్లో నలుసు. ఒక్క మాట తప్పుగా పడితే చాలు, మూయించేస్తారు. అందుకే దాన్ని పసిబిడ్డలా కాచుకుంటున్నాడు.

కూతురికి కావలసింది ఒక్కటే. తమ్ముడు ఉన్నాడా, లేడా. చేపలవేటకి వెళ్ళి, మంచులో దారి తప్పి హద్దు దాటిన వాడి పడవ మీద అటువాళ్ళు కాల్పులు జరిపారు. కొందరు నీళ్ళపాలయ్యారు, కొందరిని పట్టుకుపోయారు. ఎవరు ఎటు పోయారో చెప్పిన నాథుడు లేడు. పోయిన నెల ఇదే తెర మీద అటువైపు టీచరమ్మ తాళ్ళతో అల్లిన సంచులు చూపించి, "ఇవి మా ఊరి జైల్లో నా శిష్యులు చేసినవి" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ కూతురికి కంటిమీద కునుకు లేదు.

తెర వెలిగింది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, టీచరమ్మ. ఆవిడ భాష వేరు. తెరకీ బెంచీకీ మధ్య కూర్చున్న దుభాషి అమ్మాయి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తోంది.

"ఈసారి మీరు చూపిస్తానన్నారట," అంది టీచరమ్మ.

"చూపిస్తానండీ. మామూలుగా ఇలా." కూతురు ఒక వరస అల్లింది. తర్వాత సూదిని ఎడమచేతిలోకి మార్చుకుంది. "మా ఇంట్లో ఒకరిది పుర్రచేతివాటం. వాళ్ళు ఇలా అల్లుతారు."

ముడులన్నీ ఎదురు దిక్కుకి ఒరిగాయి. వరస చివర ఇంకొక్క ముడి, ఏ అవసరమూ లేనిది, వేసి బిగించింది. చిన్నప్పుడు తమ్ముడికి అల్లిక నేర్పింది తనే. ఆ దండగ ముడి ఎందుకురా అని నెత్తిన మొట్టినా వాడు, "జారిపోతే?" అనేవాడు. ఇంకో జవాబు ఉండేది కాదు.

టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. ఒకసారి పక్కకి, తన వైపు అధికారి ఉన్నచోటికి కాబోలు, చూసింది. లేచి వెళ్ళిపోయింది.

తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది.

"ఏమన్నావమ్మా నువ్వు?" అధికారి కూతురివైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఏమీ అనలేదు సార్, ముడి చూపించింది," అంది దుభాషి.

తల్లి పెదవులు కదిలాయి. కూతురు బెంచీ కింద ఆమె పాదం మీద పాదం వేసి నొక్కింది.

టీచరమ్మ తిరిగి వచ్చింది. చేతిలో సగం అల్లిన సంచి. దానికి సూది ఇంకా వేలాడుతూనే ఉంది. సంచిని తెరకి ఆనించినంత దగ్గరగా పెట్టింది. ముడులు ఎదురు దిక్కుకి ఒరిగి ఉన్నాయి. ప్రతి వరస చివరా ఒక ముడి ఎక్కువ.

"నాకూ ఒక పుర్రచేతి శిష్యుడున్నాడు," అంది. "మొండిఘటం. తాడు దండగరా అని విప్పిస్తాను, మర్నాటికి మళ్ళీ వేస్తాడు. నిన్న కూడా తిట్లు తిన్నాడు."

నిన్న. కూతురు తెరవైపు వంగింది. "ఎందుకు వేస్తున్నావని... అడిగారా?"

"అడక్కేం? 'జారిపోతే?' అంటాడు. అంతకుమించి నోరు విప్పడు."

దుభాషి ఆ మాట తెలుగులో చెప్పీ చెప్పకముందే తల్లి లేచి నిలబడింది. "టీచరమ్మా!"

అధికారి వేలు మీటని సగం దాకా నొక్కింది. కూతురు తల్లి మణికట్టు పట్టుకుంది.

నోటిదాకా వచ్చిన పేరు ఎంత బరువుందో ఆమె మెడనరాలు చెబుతున్నాయి. "ఆ ముడి... ఉండనివ్వండి. విప్పించకండి."

టీచరమ్మ ఆమె వైపు తిరిగింది. "సరే. విప్పించొద్దని ఎవరన్నారని వాడు అడిగితే ఏం చెప్పను?"

"అల్లిక నేర్పినవాళ్ళు ఒప్పుకున్నారని చెప్పండి," అంది కూతురు. "ఇక మొట్టరట, అని కూడా."

టీచరమ్మ తల ఊపి, సంచిని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. గడువు అయిపోయి తెర తనంతట తానే ఆరిపోయింది.

అధికారి మీట మీది నుంచి వేలు తీసి, అరచేతిని చొక్కాకి తుడుచుకున్నాడు. వాళ్ళవైపు చూడకుండా తీగలు సర్దుతూ అడిగాడు. "వచ్చే నెల కూడా సంచులేనా?"

"పిడి అల్లడం మిగిలింది సార్," అంది కూతురు.

"అయితే రండి," అన్నాడు. "అమ్మగారికి మంచినీళ్ళు తాగించి తీసుకెళ్ళు."