అమ్మతో కలిసి రా

హాంబర్గ్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో జెరుషా విద్యార్థులకు సలహాదారు. మంగళవారం పదింటికి యెసేనియా ఆమె బల్ల మీద ఒక ఫారం పెట్టింది. చదువు మానేస్తున్నట్టు రాసిన ఫారం. సంతకం ఒక్కటే మిగిలింది.

యెసేనియా కుటుంబం పెరూ నుంచి వచ్చింది. ఆమె గణితం పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే అదే కోర్సు జర్మనీలో మరెక్కడా చదవడానికి వీల్లేదు.

"వాళ్లు పంపించేలోపు నేనే వెళ్లిపోతాను," అంది.

"శనివారం ట్యుటోరియల్‌కి ఎందుకు రాలేదు?"

"అమ్మతో కలిసి ఆఫీసులు శుభ్రం చేయడానికి వెళ్తాను."

"శనివారం క్లాసుందని అమ్మకు తెలుసా?"

యెసేనియా తల అడ్డంగా ఊపింది.

"గురువారం అమ్మతో కలిసి రా," అంది జెరుషా. "అప్పటిదాకా సంతకం పెట్టకు."

విద్యార్థులు మేజర్లు కాబట్టి వారి ఇంటివాళ్లతో కళాశాల మాట్లాడదు. విద్యార్థి రాసిస్తే మాట్లాడవచ్చు. అందుకు కావలసిన కాగితాన్ని జెరుషా నిరుడు తయారుచేసింది. దక్షిణ అమెరికా కుటుంబాల పిల్లలు పదకొండు మంది దాని మీద సంతకం చేశారు. తొమ్మిది మంది ఇంకా చదువుతున్నారు. ఆ రోజు యెసేనియా కూడా చేసింది.

గణితం ట్యుటోరియల్ చెప్పే సుమంత్‌ది కరీంనగర్, జెరుషాది ఒంగోలు. గురువారం గదిలో కుర్చీలు వేస్తూ సుమంత్ నవ్వాడు.

"ఏందక్కా, పేరెంట్స్ మీటింగా? వీళ్లేమన్న ఎల్‌కేజీ పిల్లలా?"

"నేను చదివేటప్పుడు మా అమ్మని ఎవరైనా పిలిచుంటే నాకొక సెమిస్టర్ మిగిలేదిరా. కాఫీ పట్రా, పో."

తల్లి రోసాల్బా పని దుస్తుల్లోనే వచ్చింది. ఆమెకు జర్మన్ కొద్దిగా వచ్చు. కూతురు అనువదించబోతే జెరుషా ఆపి, తానే నిదానంగా చెప్పింది. రెండు పరీక్షలు, మిగిలిన ఒక్క అవకాశం, శనివారం క్లాసు, ఫారం.

"కాలేజీ నుంచి ఉత్తరం రాలేదు," అంది రోసాల్బా. "రాలేదు కదా, బాగానే చదువుతోందనుకున్నాను."

"ఇక్కడ అంతా అయిపోయాకే ఉత్తరం వస్తుందండీ."

రోసాల్బా కూతురితో స్పానిష్‌లో చాలాసేపు మాట్లాడింది. యెసేనియా తల వంచుకుని విన్నది. చివరికి నవ్వింది.

"ఏమంటున్నారు?" అని అడిగింది జెరుషా.

"నేను తుడిచిన కిటికీలన్నీ తనే మళ్లీ తుడుస్తుందట. శనివారాలు నేను రాకపోతేనే పని తొందరగా అవుతుందట."

యెసేనియా ఫారం చింపింది. తర్వాత జెరుషా కంప్యూటర్‌లోనే మూడో పరీక్షకు తన పేరు నమోదు చేసుకుంది.

"శనివారం తొమ్మిదింటికి," అన్నాడు సుమంత్ జర్మన్‌లో. "ఒక్క నిమిషం లేటైనా మీ అమ్మకు ఫోన్ చేస్తాను."

రోసాల్బా అతని వైపు తిరిగింది.

"నంబరు రాసుకో," అంది.