నీళ్ళు పోసే బ్యాటరీ

"నీళ్ళు పోసేదే కావాలి," అంది ఆవిడ, సింకు దగ్గర్నించి తల తిప్పకుండానే.

"మళ్ళీ మొదటికొచ్చావా అమ్మా?" కొడుకు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పొద్దుట్నించీ ఇదే పాట. సీల్డ్ బ్యాటరీ వేయించామంటే దాని సంగతి మర్చిపోవచ్చు. మూతలుండవు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఇప్పుడందరూ అవే వేయిస్తున్నారు."

"అందరి సంగతీ మనకెందుకురా? మన బండికి మొదట్నించీ అదే."

"టార్చిలైటులో సెల్లు ఎటు తిప్పి వెయ్యాలో తెలీదు గానీ, అమ్మగారికి బ్యాటరీల్లో రకాలు కావాలట!" కూతురు బల్ల తుడుస్తూ నవ్వింది. ఆవిడ నవ్వలేదు. కూతురి నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది.

కొడుకు లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "నాన్న మళ్ళీ అదే పని చేస్తారమ్మా. ఈసారి యాసిడ్ కంట్లో చిందితే?"

"నేను పక్కనుంటాను."

"రోజంతానా?"

"పోనీ నువ్వు చెప్పు. మూతలు లేని బ్యాటరీ వేయించావనుకో, ఆదివారం పొద్దున్న ఆయన బానెట్ ఎత్తి ఏం చూసుకుంటారు?"

కొడుకు వీధివైపు చూశాడు. అక్కడ తండ్రి కారు మీదికి వంగి ఉన్నాడు.

ఆయన బస్సుల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ ఇంట్లో ఆదివారమంటే పాత బనీను గుడ్డ, ప్లాస్టిక్ గరాటు, డిస్టిల్డ్ వాటర్ సీసా. బానెట్ ఎత్తి, మూతలు విప్పి, వంగి బ్యాటరీలో ఒక్కో గదిలోకీ తొంగిచూసి, మట్టం తగ్గినంత మేరకే పోసేవాడు. మొహం ఎర్రగా చేసుకుని వచ్చి, "మన బ్యాటరీ కొత్త పెళ్ళికొడుకులా ఉందోయ్," అని ఇల్లంతా వినబడేలా చెప్పేవాడు. పిల్లలు ఆ మాట విని విని పెద్దవాళ్ళయ్యారు.

తర్వాత మతిమరుపు మొదలైంది. తెలిసినవాళ్ళ పేర్లు పోయాయి. మందులషాపుకని కారులో వెళ్ళిన మనిషి చీకటిపడ్డాక, చొక్కా అంతా తడిసి, చేతిలో మందుల్లేకుండా వచ్చాడు. బ్యాంకు పని కూతురు తీసుకుంది, బజారు పని కొడుకు తీసుకున్నాడు. కారు తాళం మాత్రం గుమ్మం పక్క మేకుకి అలాగే వేలాడుతోంది. దాన్ని అక్కణ్ణించి తీసే ధైర్యం ఎవరికీ చాల్లేదు. ఆయన చేతిలో మిగిలిందల్లా ఆ తాళమూ ఈ గరాటూ.

ఈమధ్య ఆయనకి రోజూ ఆదివారమే అయింది. పొద్దున పోసేవాడు, కాఫీ తాగొచ్చి మళ్ళీ పోసేవాడు. "ఇందాకే పోశారు కదండీ," అని ఆవిడ ఒకసారి అంది. సంతలో తప్పిపోయిన పిల్లాడిలా చూశాడు. ఆ చూపు ఇంకోసారి చూడలేక నోరు కట్టేసుకుంది. సీసా దాస్తే కుళాయి నీళ్ళు పట్టుకొచ్చి పోశాడు. గత్యంతరం లేక సీసా తెచ్చి ఉన్నచోటే పెట్టింది. చివరికి నిన్న కారు సెల్ఫ్ తీసుకోలేదు.

"ఏమిటర్రా గుసగుసలు? బ్యాటరీ విప్పి పెట్టాను, పదండి!" వీధిలోంచి కేకేశాడు ఆయన. విప్పడంలో చిన్న పొరపాటు లేదు, మైనస్ వైరే ముందు తీశాడు.

ఆటోలో బ్యాటరీని కొడుకు కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆవిడ కూడా ఎక్కి కూర్చుంది. "నువ్వెందుకే, నగల కొట్టుకా వెళ్తున్నాం?" అన్నాడాయన. "మీరు బేరం ఆడలేరు, అందుకు," అంది ఆవిడ. ఆటో అతను కూడా నవ్వాడు.

కొట్టు ఇరుగ్గా ఉంది. గోడ పొడుగునా బ్యాటరీలు, నేలమీద ఛార్జింగ్ వైర్లు, పుల్లటి ఘాటు వాసన. కొట్టతను ఏ బండి అని అడిగి, రెండు బ్యాటరీలు తీసి బల్లమీద పెట్టాడు. "ఇది నీళ్ళు పోసేది. ఎండలకి బాగానే ఓర్చుకుంటుంది, కానీ కనిపెట్టుకుని ఉండాలి. ఇది సీల్డ్, దీని జోలికి పోనక్కర్లేదు. ప్లస్ ఎటువైపండీ?"

"కుడి. ఎడమవైపుది ఇచ్చావంటే వైరు అందదు," అన్నాడాయన టక్కున. ఆంపియర్లూ చెప్పాడు, ట్రే కొలతా చెప్పాడు. కొట్టతను మెచ్చుకోలుగా తలాడించాడు. ఆవిడ గర్వంగా ఆయనకేసి చూసింది. ఇంత తెలిసిన మనిషి చేతిలోంచి ఆ గరాటు ఎలా లాక్కుంటాం అనుకుంది.

"నీళ్ళు పోసేదే ఇవ్వండి," అంది గబగబా.

"ఉండండమ్మా, పాతది ఎందుకు పోయిందో చూద్దాం." అతను మూతలు విప్పి, లోపల బుడ్డి ఉన్న గాజు గొట్టంతో ఒక గదిలోంచి పీల్చాడు. తేలాల్సిన బుడ్డి అడుగునే కూర్చుంది. ఇంకో గదిలోనూ అంతే. "ఇందులో యాసిడ్ ఏదండీ? ఉత్త నీళ్ళే. పొంగి పొర్లేదాకా పోశారు. చూడండి, టెర్మినళ్ళు ఎలా తెల్లగా తుప్పు పూసిపోయాయో."

ఆయన గొట్టం అందుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక్కసారి ఫోర్‌మన్ గొంతు లేచింది. "ఏ వెధవ పోశాడయ్యా ఇన్ని నీళ్ళు? చేతులు విరగ్గొట్టాలి వాడికి!"

కొడుకు గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. ఆయన కొడుకుని చూశాడు, భార్యని చూశాడు, మళ్ళీ కొడుకుని చూశాడు. గొట్టం పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"నేనేనండీ," అంది ఆవిడ. "మీరు పడుకున్నప్పుడు... సాయంగా ఉంటుందని పోశాను."

ఆయన ఆవిడకేసి తిరిగాడు. "బానెట్ తియ్యడం నీకెప్పుడొచ్చే, పిచ్చిదానా?" అన్నాడు. అంత మెత్తగా ఆయన మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆవిడకి గుర్తు రాలేదు.

గొట్టం బల్లమీద పెట్టి, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కొట్టతను బిల్లు పుస్తకం అందుకుని, "మరి ఏది ఇమ్మంటారు?" అన్నాడు.

"సీల్డ్ ఇవ్వండి."

"ఏమండీ, అదయితే మీకు..."

"సీల్డే," అన్నాడాయన.

ఇంటికొచ్చాక బ్యాటరీ తనే బిగించాడు. ప్లస్ ముందు, మైనస్ తర్వాత. సెల్ఫ్ కొట్టమని కొడుకుని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను బయటే నిలబడి విన్నాడు. కారు ఒక్క దెబ్బకి అందుకుంది. గరాటునీ సీసానీ కుళాయి కింద శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, వంటింటి అలమరలో పై అరన పెట్టాడు.

భోజనాల దగ్గర నలుగురూ కూర్చున్నారు. ఆయన కంచం ముందు కూర్చోబోతూ ఆగి, గుమ్మం దాకా వెళ్ళి మేకున ఉన్న తాళం తీసుకొచ్చాడు. కూతురి కంచం పక్కన పెట్టాడు.

"ఇకమీదట బండి నువ్వు నడుపు," అన్నాడు. "నేను పక్కన కూర్చుంటాను."

"నాన్నా..."

"విను. అందరూ వినండి. రేపో ఎల్లుండో నేనిది మర్చిపోతాను. తాళం ఇమ్మని అడుగుతాను. అరుస్తాను కూడా." అన్నం కలుపుతూ, తలెత్తకుండా అన్నాడు. "అయినా ఇవ్వద్దు."