మూడో కంచం

నా భార్య సాయవ్వ పదకొండేళ్ళు నాకు అన్నం వడ్డించలేదు. వండేది. గిన్నెల మీద మూతలు పెట్టేది. నేను పీట మీద కూర్చునేసరికి లేచి బయటికి వెళ్ళి కొట్టం ముందు కూర్చునేది. బాన్సువాడలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. తప్పు ఆమెదేనని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

ఇందులో సగం నేను చూసింది. మిగతా సగం హీరాబాయి చెప్పింది. ఆమె తండా మనిషి. మా చెరుకు తోటలో సాయవ్వతో కలిసి పనిచేసేది. నాతో చెప్పని మాటలన్నీ సాయవ్వ ఆమెతో చెప్పుకుంది. నేను ఊరి బడిలో నాలుగు తరగతులు చదివినవాణ్ణి. అలంకారాలు రావు. జరిగింది రాస్తాను.

నిజాంసాగర్ కాలువ కింద మాకు చెరుకు పండటం మొదలయ్యాక, పంతొమ్మిదివందల ముప్పై ఏడులో, మా బెల్లం కొనే బొంబాయి షావుకారు మోతీలాల్ నన్నూ మా అక్క మొగుడు దేవిదాస్ బావనూ పిలిపించాడు. ఏడాది పొడుగునా బెల్లం ఆయనకే ఇచ్చేట్టు మాట్లాడుకోవాలి. సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో రెండు గదులు తీసి పెట్టాను, వారం రోజులు ఉండండి, తిండితో సహా అంతా నాదే అని కబురు చేశాడు.

మా అమ్మ ఒప్పుకోలేదు. "హోటల్ల ఎవడు వండుతడో, ఏం చేతుల్తోని వండుతడో. గా తిండి తిని నా గడప తొక్కకు. సాయవ్వను తోల్కపో. వండి పెడతది."

సాయవ్వ అప్పుడు జొన్నలు విసురుతోంది. తిరగలి ఆపింది. "సముద్రం కనబడతదా?" అంది.

"నువ్వు పొయ్యేది రొట్టెలు చెయ్యనీకి. సముద్రం జూడనీకి గాదు" అంది అమ్మ. తిరగలి మళ్ళీ తిరిగింది.

సాయవ్వకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. కాపురానికి వచ్చి పద్నాలుగేళ్ళు. జొన్నపిండి మూట, కారం, చింతపండు, రొట్టెలు కాల్చే ఇనుప పెంక, కిరోసిన్ పొయ్యి తీసుకుని రైలెక్కింది. పెట్టెలో చోటు లేదని పెంకను ఒళ్ళో పెట్టుకుంది. మన్మాడులో బండి మారేసరికి చీర కుచ్చిళ్ళు మసి అయ్యాయి. ఆ చీరతోనే హోటల్ మెట్లెక్కింది. బావ నవ్వాడు. "ఏంది చెల్లే, బొంబాయికి దిష్టి తీయనీకి వచ్చినవా?" నేనూ నవ్వాను.

అలాంటి ఇల్లు మేమెవరం చూడలేదు. నాలుగంతస్తులు. నడవాలన్నీ తివాచీలు. కింద పొడుగాటి వసారా, దానికి మెట్లు, మెట్ల కింద ఇసుక, ఇసుక అవతల సముద్రం. మా గదికి కిటికీ ఉంది గాని వీధి వైపు. సముద్రం వైపు ఉన్నది స్నానాలగదికి. ఆమె పొయ్యి పెట్టింది ఆ స్నానాలగదిలోనే.

అయిదు రోజులు అక్కడే వండింది. తెల్లటి తొట్టి పక్కన పొయ్యి. తొట్టి అంచు మీద కారం డబ్బా. చలువరాతి నేల మీద రొట్టె కొట్టేది. ఆ కిటికీ మనిషి ఎత్తుకు పైన ఉంది. సముద్రం వినబడుతుంది, కనబడదు. రెండో రోజు బకెట్ బోర్లించి ఎక్కి చూసింది. "ఎట్లుంటదే?" అని హీరాబాయి అడిగితే, "ఒక్క తాన ఉండదు. వస్తది, పోతది, ఏం పని చెయ్యదు. దాన్ని ఎవ్వరేమనరు" అందట. ఆ పూట రొట్టె మాడింది. నేను కంచం తోసేశాను. నాకు అదే గుర్తు. ఆమెకు గుర్తున్నది వేరే. తన చేతులు ఊరుకోకపోవడం. పొద్దున్నే ఆయా వచ్చి పక్కదుప్పట్లు మార్చేది. ఆయా రాకముందే సాయవ్వ దులిపి మడత పెట్టేది. ఒకరు తన పక్క ఎత్తుతుంటే నిలబడి చూడటం ఆమెకు చేతకాలేదు. పని లేని గంట వస్తే గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేది. తలుపు దాకా పోయేది. గడియ మీద చెయ్యి వేసేది. ఎక్కడికి పోతున్నవు అని అడిగితే ఏం చెప్పాలో తోచక వెనక్కి వచ్చేది. అడగడానికి అక్కడ ఎవరూ లేరు. నేనూ బావా బజార్లో ఉండేవాళ్ళం. అయినా ఆమె చెవిలో అడుగుతూనే ఉండేవాళ్ళం. ఒడ్డుకు తీసుకుపొమ్మని నన్ను మూడుసార్లు అడిగింది. "రేపు పోదాం తియ్" అన్నాను. మూడుసార్లూ.

ఆరో రోజు పొద్దున మేనేజరు వచ్చాడు. వెంట మోతీలాల్ కూడా ఉన్నాడు. పక్క గది దొరసాని ఫిర్యాదు చేసిందట, రోజూ గోడ అవతల ఎవరో నేలను కొడుతున్నారని, పొగ వస్తోందని. మేనేజరు స్నానాలగది తలుపు తీశాడు. పొయ్యి, పెంక, పిండి, వాటి మధ్య చేతులకు పిండితో నా భార్య. తెల్ల గోడ మీద నల్లగా మసి.

మోతీలాల్ నా ముఖం చూశాడు. అంత పెద్దమనిషి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఉర్దూలో చెప్పాను. "ఆడది మొండిది సాబ్. హోటల్ అన్నం ముట్టనంటుంది. పొయ్యి వద్దని మేం ఎంత చెప్పినా వినలేదు. దొంగతనంగా మూటలో పెట్టి తెచ్చింది."

"పల్లెటూరిది, ఏం తెలుసు" అన్నాడు బావ.

ఆమెకు ఉర్దూ వచ్చు. బాన్సువాడ అంగట్లో రానిదెవరికి? ప్రతి మాటా అర్థమైంది. నాకు ఆ సంగతి తెలుసు. ఆమె నోరెత్తదనీ తెలుసు. తెలిసే అన్నాను.

సాయవ్వ పొయ్యి ఆర్పింది. మేనేజరు మనుషులు వచ్చి పొయ్యి, పిండి, పెంక అన్నీ తీసుకుపోయారు. మధ్యాహ్నం నేనూ బావా కింద భోజనాల వసారాకు వెళ్ళాం. ఆమె లేవబోయింది. "గంత మందిల ఆడోళ్ళు కూసుంటరా? నువ్వు ఈడనే ఉండు. ఏమన్న పంపిస్త" అన్నాను.

మేం తిన్నాం. మా అమ్మ గడప సంగతి ఒక్క ముద్దకే మరిచిపోయాను. సన్నబియ్యం అన్నం, పప్పు, చేపల కూర, చివర్లో పాలతో చేసిన, ముట్టుకుంటే వణికే తీపి ఒకటి. బావ రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. తిని ఒడ్డున తిరగడానికి పోయాం. ఆమెకు పంపించడం మరిచిపోయాను. కావాలని కాదు. కావాలని చేస్తే కనీసం గుర్తున్నట్టు.

ఆయా గదికి వచ్చింది. ముసలామె, మరాఠీ మనిషి. సాయవ్వ తల్లిగారిది బిచ్కుంద వైపు, మరాఠీ వచ్చు. ఖాళీ నేల మీద కూర్చున్న ఆమెను చూసి ఆయా, "జేవలీస్ కా?" అంది. తిన్నావా అని. అంతే. సాయవ్వకు ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్ళలో ఆ మాట తను రోజుకు పదిమందిని అడిగింది, తనను అడిగినవాళ్ళు లేరు. మాకు వరి పండుతుంది. అన్నం మగవాళ్ళకు, చుట్టాలకు. ఆడవాళ్ళు అందరూ తిన్నాక పొయ్యి దగ్గరే కూర్చుని జొన్నగట్క తాగుతారు. ఎవరు ఎంత తిన్నారో, తిన్నారో లేదో చూసేవాళ్ళుండరు. నేనూ ఏనాడూ చూడలేదు. ఆమె నోట్లో ముద్ద పెట్టుకోవడం నేను ఎరగను.

"కింద మీ బల్ల మీద రోజూ మూడు కంచాలు పెడతారు" అంది ఆయా. "మీరు ముగ్గురు గదా. అయిదు రోజులుగా మూడూ అట్లాగే వెనక్కి పోతున్నాయి. ఇవాళ రెండింట్లో తిన్నారు. మూడోది అక్కడే ఉంది. అది నీది."

అది నీది అన్న మాట హీరాబాయి నాకు రెండుసార్లు చెప్పింది. సాయవ్వ ఎన్నిసార్లు చెప్పుకుందో ఆమెకు.

ఆమె ముఖం కడుక్కుని కిందికి వెళ్ళింది. కుర్చీలో కూర్చుంది. కాళ్ళు పైకి పెట్టుకోవాలో కిందికి వేలాడెయ్యాలో తెలియలేదు. ఎదురుగా సముద్రం. తలపాగా కట్టిన వడ్డనవాడు గిన్నె ఆమె పక్కకు వంచి పట్టుకున్నాడు. ఒక గరిటె వేశాడు. ఆగాడు. ఆమె ఏమీ అనలేదు. ఇంకో గరిటె వేశాడు. మళ్ళీ ఆగాడు. చాలు అని తను అంటేనే అతను ఆపుతాడని ఆమెకు అర్థం కావడానికి మూడు గరిటెలు పట్టింది. "చాలు" అంది. అతను ఆపాడు.

మేం ఇసుక దిగువ నుంచి వస్తూ చూశాం. ముందు బావ చూశాడు. "అగో, నీ పెండ్లాం దొరసాని అయ్యింది. మొగోడు వడ్డిస్తుండు, ఆమె తింటుంది."

నేను మెట్లు రెండేసి ఎక్కాను. "లే" అన్నాను.

"తింటున్న" అంది.

ఆ ఒక్క మాటే. తల కూడా ఎత్తలేదు. చుట్టూ బల్లల దగ్గర జనం. మోతీలాల్ మనుషులు కూడా ఉన్నారేమో. కంచం పట్టి లాగాను. నేల మీద పడి పగిలింది. అన్నం ఆమె పాదాల మీద పడింది.

ఆమె వెంటనే వంగింది. పెంకులు, మెతుకులు ఏరబోయింది. మా ఇంట్లో ఎవరు ఒలకబోసినా ఏరేది ఆమే. వడ్డనవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు మాయీ. అది నా పని" అన్నాడు హిందీలో.

వంగినది అట్లాగే ఒక క్షణం ఆగింది. అన్నం పట్టుకున్న చెయ్యి తెరిచి మెతుకులు నేల మీదికి వదిలింది. నిటారుగా నిలబడింది. నా వైపు చూడలేదు. మెట్లు దిగి, ఇసుక దాటి, నీళ్ళ దాకా పోయి నిలబడింది. పిలిచాను. రాలేదు. వెంటపోవడానికి నాకు సిగ్గేసింది. ఎంతసేపు నిలబడిందో తెలియదు. వచ్చేటప్పటికి మోకాళ్ళ దాకా చీర తడిసి ఉంది. మసి పోయింది.

ఇంటికి వచ్చిన మొదటి పూట వండి మూతలు పెట్టి బయటికి పోయింది.

"వడ్డించవా?" అన్నాను.

"గిన్నెలు ఆడున్నయి."

"నీకేమైంది?"

"ఏం గాలె. నీకు చేతులున్నయి."

అమ్మ తిట్టింది. "మొగనికి వడ్డించని చెయ్యి ఎందుకే, నరికి పొయ్యిల పెట్టు" అంది. సాయవ్వ చెరుకు తోటకు పోయింది. రెండుసార్లు కొట్టాను. మూడోసారి చెయ్యెత్తితే కదలకుండా నిలబడి చూసింది. ఎత్తిన చెయ్యి దించాను. బతికినన్నాళ్ళు అమ్మ వడ్డించింది. తర్వాత నేనే పెట్టుకున్నాను. తప్పు ఆమెదేనని ఊరంతా అంటూనే ఉంది. బావ ఎప్పుడొచ్చినా, "ఏమోయ్, దొరసాని ఎట్లుంది?" అనేవాడు. మోతీలాల్ మా బెల్లం తీసుకున్నాడు. ఆమె సంగతి అడగలేదు.

నలభై ఎనిమిది వానకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. గడబిడ రోజులు, బండ్లు నడవలేదు, దవాఖానకు తీసుకుపోలేకపోయాను. ఏడో రోజు పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే పోయిన మనిషికి కోరిక మిగిలినట్టు. మా అక్క లక్ష్మవ్వ, దేవిదాస్ బావ భార్య, పొయ్యి అంటించి అడిగింది.

"తమ్మీ, మరదలికి ఏమిష్టముండె?"

నాకు తెలియదు.

అక్క నా వైపే చూస్తోంది. "రొట్టె" అన్నాను.

వాకిట్లో హీరాబాయి కూర్చుని ఉంది. ఏడుస్తున్నదల్లా ఆపింది. "రొట్టె గాదు పటేలా" అంది. "ఇరవై అయిదేండ్లు మీ ఇంట్ల రొట్టె కొట్టింది, గట్క తాగింది. ఇష్టమై తాగిందా? వరి నువ్వే పండిస్తివి. అన్నం నువ్వే తింటివి."

అక్క కోప్పడింది. "ఏందే గా మాటలు, సావు ఇంట్ల?"

"సచ్చినంకనన్న చెప్పాలె గదా అక్కా" అంది హీరాబాయి. చెప్పింది. బకెట్, గడియ, ఆయా, మూడో కంచం, మూడు గరిటెలు. ఆ పొద్దు అంతా చెప్పింది. నేను నిలబడే విన్నాను. చివర్న అంది: "వడ్డించకుంటే పొగరు అనుకున్నవు. ఆమె నా తోని ఏమన్నదో ఎరుకేనా? ఒక్కనాడన్న తిన్నవా అని అడిగితే వడ్డిస్త అన్నది."

పదకొండేళ్ళు. ఒక్క మాట.

అక్కను లెమ్మన్నాను. అన్నం నేనే వండాను. అడుగు మాడింది. విస్తరి వేసి గరిటెతో పెట్టాను. ఒకటి. ఆగాను. ఆమె ఎంత తింటుందో నాకు తెలియదు. రెండు. మళ్ళీ ఆగాను. గిన్నె వంచి పట్టుకుని కూర్చున్నాను. చాలు అనేవాళ్ళు లేరు.

కాకి ముట్టిందా అని అక్క అడిగింది, బావ అడిగాడు, ఊరంతా అడిగింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పను. ఈ సంగతి మళ్ళీ నా నోట రాదు.