లెక్కలోకి రాని చిటికెన వేలు

పదకొండు శనివారాలుగా గార్లండ్ మోస్లీ నోట వెర్లన్ ప్రూయిట్ పేరు రాలేదు.

టెక్సస్ డాన్సు హాళ్ళ సంగీతంలో పేరు పిలవడమంటే విస్తరి వేయడం లాంటిది. బ్యాండు నడిపేవాడు, ఇక్కడ గార్లండ్, మైకు ముందు నిలబడి, పాట మధ్యలో ఎవరి పేరు కేకేస్తే ఆ వంతు వాళ్ళది. గిటారు వాడి పేరు పిలిస్తే గిటారు పలుకుతుంది. స్టీల్ గిటారు వాడి పేరు పిలిస్తే, వాడు కాళ్ళ మీద బల్లలా నిలబెట్టిన గిటారు ముందు కూర్చుని, ఇనుప కడ్డీ తీగల మీద జార్చుతూ హాలంతా ఏడిపిస్తాడు, నవ్విస్తాడు. పిలవకపోతే వెనకాల తాళం పట్టుకుని కుర్చీకి బరువుగా కూర్చుంటాడు. స్టీల్ గిటారు వాయించే వెర్లన్ పదకొండు వారాలుగా కుర్చీకి బరువుగా కూర్చుంటున్నాడు.

అతనికి యాభై రెండేళ్ళు. వారమంతా దాణా మిల్లులో బస్తాలు ఎత్తుతాడు. శనివారం సాయంత్రం తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్రెనెక్ హాలులో మనిషవుతాడు. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. పెళ్ళాం పోయింది, ఇల్లు పోయింది, కుర్చీ మాత్రం ఉంది.

తగువు పెట్టుకున్నది అతనే. మార్చిలో అగ్నిమాపక కేంద్రం వాళ్ళ విందులో, చేతిలో బీరు సీసా ఉందన్న ధైర్యంతో, "గార్లండ్ కమాను చెయ్యి అయిపోయింది. ఇప్పుడు వాడు ఫిడేలు వాయించట్లేదు, కంచె తీగకి తుప్పు గీకుతున్నాడు" అన్నాడు. కోసిన మాంసం చల్లారకముందే ఆ మాట గార్లండ్ చెవిన పడింది. అందులో అబద్ధం ఏమీ లేదు. అబద్ధమైతే గార్లండ్ ఎప్పుడో మర్చిపోయేవాడు.

గార్లండ్ కుడి చేతి చిటికెన వేలు తొమ్మిదేళ్ళ క్రితం ట్రెయిలర్ కొక్కెంలో పడి నలిగింది. అప్పట్నించీ మడవదు. గుడారం మేకులా నిటారుగా నిలబడి ఉంటుంది. కమాను పట్టుకోవడానికే కాదు, ఇంకో పనికీ అది అడ్డు వచ్చింది.

ఆ పని ఇది. పాట మొదలయ్యే ముందు ఏ శ్రుతిలో వాయించాలో నాయకుడు నోటితో చెప్పడు. జనం వైపు తిరిగి నవ్వుతూనే, చెయ్యి వీపు వెనక పెట్టి వేళ్ళు చూపిస్తాడు. పైకి చూపిన వేళ్ళకి ఒక వరస శ్రుతులు, కిందికి చూపిన వేళ్ళకి ఇంకో వరస. టెక్సస్‌లో ఏ హాలుకెళ్ళినా ఇదే లెక్క. గార్లండ్ బ్యాండులో మాత్రం కనిపించిన వేళ్ళలోంచి ఒకటి తీసేయాలి, ఎందుకంటే ఆ చిటికెన వేలు ఎప్పుడూ చాచుకునే ఉంటుంది. మూడు కనిపిస్తే రెండు. తొమ్మిదేళ్ళుగా తీసేస్తూ తీసేస్తూ, తీసేస్తున్నామన్న సంగతే అందరూ మర్చిపోయారు.

విందు తర్వాత గార్లండ్ చెయ్యి వీపు వెనకనించి కుడి తుంటి మీదకి మారింది. వెర్లన్ కూర్చునేది ఎడమ పక్క. అతనికి గార్లండ్ చొక్కా వీపు తప్ప ఏమీ కనపడదు. ఏ శ్రుతో తెలియకుండా తడుముకోమని అర్థం.

అయినా తడుముకోలేదు. కారణం నదీన్ హ్రుస్కా. మనిషంత ఎత్తు ఫిడేలు లాంటి బేసు వాయించే నదీన్‌కి, తన ఎడమ పక్కన నిలబడే గార్లండ్ వేళ్ళు బాగా కనిపిస్తాయి. పాటకి ముందు ఆమె ఎడమ చెయ్యి బేసు మెడ మీద, మొదటి స్వరం దగ్గర ముందుగానే వేసి ఉంచేది. వెర్లన్ ఆ చెయ్యి చూసి శ్రుతి పట్టుకునేవాడు. ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇతను ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు.

ఆ శనివారం వెర్లన్ హాలులోకి వచ్చేసరికి ముందు బల్ల దగ్గర ముప్పయ్యేళ్ళ వాడొకడు కూర్చుని ఉన్నాడు. కొత్త టోపీ. కాళ్ళ దగ్గర గిటారు పెట్టె. ఆ పెట్టె పొడుగు చూస్తే చాలు, లోపలున్నది స్టీల్ గిటారు.

తలుపు దగ్గర వచ్చినవాళ్ళ చేతుల మీద ముద్రలు వేస్తున్న వ్లాస్తా క్రెనెక్ తల ఎత్తలేదు. హాలు ఆమె మావగారు కట్టింది. డెబ్బై ఎనిమిదేళ్ళావిడ, ఊరంతటికీ అత్తే.

"ఎవరత్తా వాడు?"

"ట్రిప్ డాల్‌రింపుల్ అట. అబిలీన్ నుంచి దింపాడు మీ నాయకుడు."

"దేనికి?"

"దేనికేంట్రా, పెట్టె చూడలేదా? నోటికి తాళం వేసుకోరా అని మార్చిలోనే చెప్పా. విన్నావా?"

గార్లండ్ వేదిక మీద ఫిడేలు సరిచేసుకుంటున్నాడు. వెర్లన్ తన గిటారు కాళ్ళు బిగిస్తుంటే, ఎవరితోనో అన్నట్టు గాల్లోకి చూస్తూ అన్నాడు: "విరామం దాకా నువ్వు కూర్చో. తర్వాత ఆ అబ్బాయి కూర్చుంటాడు."

"ఈ ఒక్క రాత్రికేనా?"

"అబ్బాయి బాగా వాయిస్తే నీకు శనివారాలు ఖాళీ. చేపలు పట్టుకో."

"వెధవ వేషాలెయ్యకు గార్లండ్. ఏదైనా ఉంటే మొహం మీద అను."

"మొహం మీద అనడం నీకు అలవాటా? విందులో నా మొహం ఎక్కడుంది, నువ్వెక్కడున్నావ్?"

ఎదుటివాడి మాట నిజమైనప్పుడు వెర్లన్‌కి వచ్చేది కోపమే.

నేల మీద మొక్కజొన్న పిండి చల్లారు, బూట్లు జారడానికి. ఎనిమిదింటికి మొదటి పాట. జంటలు కుడి నుంచి ఎడమకి, గానుగ ఎద్దుల్లా ఒకే వైపు తిరుగుతున్నాయి. గార్లండ్ గిటారు వాడి పేరు కేకేశాడు. పియానో వాడి పేరు కేకేశాడు. నదీన్ పేరు రెండుసార్లు కేకేశాడు, బేసుకి వంతు ఇవ్వడం ఎవరూ కనీవినీ ఎరగకపోయినా. వెర్లన్ ప్రతి పాటలోనూ కడ్డీ తీగల మీదే ఉంచి కాచుకున్నాడు. ఒక్కసారి పిలిస్తే చాలు. ఆ ఒక్కసారిలో హాలు లేచి నిలబడేలా వాయిస్తే, ఈ జనమే కుర్చీ పోనివ్వరు. పిలుపు రాలేదు. ముందు బల్ల దగ్గర కొత్త టోపీవాడు కాలితో తాళం వేస్తూ, వెర్లన్ చేతుల వంకే చూస్తున్నాడు, శవం ఒంటి మీది బట్టలు తనకి సరిపోతాయా అని కొలుచుకునేవాడిలా.

విరామంలో వెర్లన్ బయట సాసేజీలు కాల్చే పొగ దగ్గర నిలబడ్డాడు. ట్రిప్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు.

"సార్, మీ సీటు లాక్కోవాలని రాలేదు. ఆయన ఫోన్ చేశాడు, వచ్చా."

"దొంగ కూడా అలాగే అంటాడు. తలుపు తీసుంది, వచ్చా అని."

ట్రిప్ ఆ దెబ్బ మింగాడు. "పాటలన్నీ నాకు వచ్చు. ఆయనతో వాయించడంలో ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా? మా నాన్న చెప్పేవాడు, కొత్త బ్యాండులో కూర్చునే ముందు పాతవాణ్ణి అడగరా అని."

వెర్లన్ అతని మొహంలోకి చూశాడు. వాడు మంచివాడే. అది వెర్లన్‌కి ఇంకా మంటగా ఉంది. చిటికెన వేలు సంగతి నాలిక చివర దాకా వచ్చింది.

"అతని వేళ్ళు చూసుకో" అన్నాడు. "అంతే."

"థాంక్స్ సార్."

వాడు వెళ్ళాక వెర్లన్ సాసేజీ కొనుక్కుని తిన్నాడు. రుచిగానే ఉంది.

రెండో సగం మొదటి పాటకి గార్లండ్ చెయ్యి మళ్ళీ వీపు వెనక్కి వచ్చింది, కొత్తవాడికి కనిపించేలా. రెండు వేళ్ళు కిందికి. పక్కన చిటికెన వేలు, మేకులా. ట్రిప్ చూశాడు. మూడు లెక్కపెట్టాడు. తలూపాడు.

"అబిలీన్ నుంచి వచ్చాడు, చప్పట్లు కొట్టండి! ట్రిప్, నువ్వే మొదలుపెట్టు!"

ట్రిప్ మొదలుపెట్టాడు. పిల్లవాడు వాయిస్తాడు, అందులో అనుమానం లేదు. నాలుగు తాళాలు పొంగు వచ్చిన పాలలా లేచాయి, జంటలు అడుగు వేశాయి. అప్పుడు బ్యాండు వచ్చి కలిసింది, ఇంకో శ్రుతిలో.

రెండు లారీలు ఎదురెదురు ఢీకొన్నట్టు ఉంది. ట్రిప్ బెదిరిపోయి కడ్డీ పైకి జార్చాడు, కిందికి జార్చాడు. గిటారు వాడు తనదే తప్పనుకుని ట్రిప్ వైపు మారాడు, దాంతో మూడో శ్రుతి తయారైంది. జంటలు ఒకరి బూట్లు ఒకరు తొక్కుకున్నాయి. గార్లండ్ కమాను గాల్లోకి ఎత్తి బ్యాండు ఆపాడు. చిటికెన వేలు ఇంకా మేకులా నిలబడే ఉండడం అప్పుడు చూశాడు ట్రిప్.

క్రెనెక్ హాలులో బ్యాండు మధ్యలో ఆగడం ఎవరూ చూడలేదు. పిడుగు పడి కరెంటు పోయినప్పుడు కూడా దీపాలు పెట్టుకుని వాయించారు. వ్లాస్తా తలుపు దగ్గర్నుంచి నడుము మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"ఏంట్రా గార్లండ్ ఇది? పెళ్ళా, తద్దినమా? వెర్లన్ ఏడీ?"

"వెర్లన్‌ని కూర్చోబెట్టవయ్యా!" ఎవరో అరిచారు. "కాళ్ళు విరగ్గొట్టుకోడానికి రాలేదు మేం!"

గార్లండ్ మెడ ఎర్రబడింది. హాలంతా చూస్తోంది. చివరికి మైకు దగ్గరికి వంగి అన్నాడు: "వెర్లన్."

వెర్లన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వినపడనట్టు.

"వెర్లన్ ప్రూయిట్!"

అప్పుడు కదిలాడు. నింపాదిగా, జనంలోంచి దారి చేసుకుంటూ వేదిక ఎక్కాడు. ట్రిప్ కుర్చీలోంచి లేస్తూ, పక్కనున్న నదీన్‌కీ గార్లండ్‌కీ వినపడేంత గట్టిగానే అన్నాడు:

"ఆ చిటికెన వేలు మడవదని చెప్పొచ్చు కదా సార్. అడిగాను కదా మిమ్మల్ని."

"అడిగాడా?" అంది నదీన్.

"వేళ్ళు చూసుకోమన్నా" అన్నాడు వెర్లన్.

"వేలు సంగతి చెప్పావా?"

"నువ్వు చెప్పావా?"

"నన్ను అడగలేదు. నాకు గుర్తు కూడా లేదు." ఆమె బేసుని తన వైపు లాక్కుంది. గార్లండ్ "ఓహో" అని, కమానుకి గుగ్గిలం రాసుకున్నాడు.

మళ్ళీ అదే పాట. వెర్లన్ వాయించాడు. పదకొండు వారాల ఆకలి కడ్డీ కిందనుంచి పారింది. తీగ మీద ఒక స్వరాన్ని అలా సాగదీసి, ఇక తెగుతుందనగా వదిలాడు. హాలు ఈలలు వేసింది. ముసలి జంట ఒకటి ఆడడం ఆపి చప్పట్లు కొట్టింది. కుర్చీ తనదే. ఇంక ఎవడు లేపుతాడో చూస్తాడు.

తర్వాతి పాటకి గార్లండ్ చెయ్యి మళ్ళీ కుడి తుంటి మీదకి పోయింది. వెర్లన్ అలవాటుగా నదీన్ వైపు తిరిగాడు.

నదీన్ బేసుని గోడ వైపు తిప్పుకుని నిలబడి ఉంది. ఆమె ఎడమ చెయ్యి కనపడలేదు. భుజం మాత్రమే కనిపించింది.

"నదీన్" అన్నాడు మెల్లిగా.

"లెక్కపెట్టుకో" అంది, తల తిప్పకుండానే. "నీకు లెక్కలు బాగా వచ్చుగా."

ఆ పాటా, దాని తర్వాత ఆరు పాటలూ ఇంకెవరో మొదలుపెడితే, అర తాళం వెనకగా దొంగలా దూరి కలిశాడు. చెవి ఉన్నవాడు కాబట్టి గడిచిపోయింది. గార్లండ్ ఒక్కసారీ పిలవలేదు.

చివరి పాట వచ్చింది. ఆ హాలుని ఎప్పుడూ ఒకే వాల్ట్జ్‌తో, జంటలు నెమ్మదిగా తిరిగే పాటతో, మూసేస్తారు. ఎవరితో వచ్చినవాళ్ళు వాళ్ళతోనే ఆడాలి. పాట మారదు గానీ, గార్లండ్ గొంతు ఆ రాత్రి ఎలా ఉంటే దాన్నిబట్టి శ్రుతి మారుతుంది. జంటలు నేల మీదకి వచ్చి, చేతులు పట్టుకుని, కదలకుండా నిలబడ్డాయి.

గార్లండ్ మైకు ముందుకి వంగి, పదకొండు వారాల్లో ఎప్పుడూ లేనంత తియ్యగా నవ్వాడు.

"ఈ వాల్ట్జ్ మన పాత మిత్రుడు మొదలుపెడతాడు. ఒక్కడే, నాలుగు తాళాలు. వెర్లన్ ప్రూయిట్!"

చప్పట్లు. పూర్తి పేరు, మైకులో, హాలు నిండా. మార్చి నుంచి అతను కోరుకున్నది ఇదే. వెర్లన్‌కి గార్లండ్ చొక్కా వీపు కనిపించింది. నదీన్ భుజం కనిపించింది. గార్లండ్ కుడి తుంటి వైపు, వేదిక కింద, ముందు బల్ల దగ్గర ట్రిప్ కూర్చుని ఉన్నాడు. వాడికి ఆ వేళ్ళు కనిపిస్తాయి. ఇప్పుడు లెక్క కూడా తెలుసు.

వెర్లన్ వాడి వంక చూశాడు. అడిగే చూపే అది. యాభై రెండేళ్ళకి ఒకణ్ణి అలా అడగడం అదే మొదటిసారి.

ట్రిప్ గార్లండ్ చెయ్యి చూశాడు. తర్వాత వెర్లన్‌ని చూశాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి గొంతు పెంచాల్సిన అవసరం రాలేదు.

"ఆయన వేళ్ళు చూసుకోండి సార్. అంతే."

జంటలు ఎదురుచూస్తున్నాయి. గార్లండ్ ఇందాక బాగా అరిచాడు, గొంతు బొంగురుపోయి ఉంటుంది, కింద శ్రుతి పెడతాడు అనుకున్నాడు వెర్లన్. కింద శ్రుతి దగ్గర కడ్డీ ఆనించాడు. నాలుగు తాళాలు, తన జన్మలో అంత మెత్తగా ఎప్పుడూ వాయించలేదు. జంటలు మొదటి అడుగు వేశాయి.

గార్లండ్ నోరు తెరిచి పై శ్రుతిలో పాడాడు. బ్యాండంతా అతనితోనే ఉంది, నదీన్ బేసుతో సహా.

అడుగులు తడబడ్డాయి. వ్లాస్తా తలుపు దగ్గర "మళ్ళీనా!" అంది. వెర్లన్ కడ్డీ పైకి జార్చి కలిసేవాడే. కానీ ఈసారి గార్లండ్ బ్యాండు ఆపలేదు. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి దొరికినప్పుడల్లా, చిటికెన వేలు చాచి ఉన్న చేత్తో స్టీల్ గిటారు వైపు చూపిస్తూ, అందరికీ వినపడేలా కేకేస్తున్నాడు:

"వెర్లన్ ప్రూయిట్, అమ్మలారా అయ్యలారా! వెర్లన్ ప్రూయిట్!"

వెర్లన్ కడ్డీ తీగల మీదనుంచి ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాల్ట్జ్ అయ్యేదాకా గార్లండ్ ఆ పేరు ఇంకో ఐదుసార్లు పిలిచాడు.