చేత్తో నడిపే కారు

నేను ఒక చోట ఉండలేని కారుని. పుట్టడమే కదులుతూ పుట్టాను. కర్మాగారంలో ముందుకు జరుగుతూ ఉండగానే ఒకరు తలుపులు తగిలించారు, ఇంకొకరు అద్దాలు బిగించారు. నీలానికీ బూడిదకీ మధ్య ఏదో రంగు వేశారు. వాన పడబోయే ముందు సముద్రం అచ్చం అలాగే ఉంటుందని నా మొదటి యజమాని అనేవారు.

ఆయన పేరు సన్యాసిరావు గారు. విశాఖపట్నంలో ఓడల నమూనాలు గీసే ఉద్యోగం చేసేవారు. ఒక ప్రమాదంలో నడుము కింది భాగమంతా చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీ కొనుక్కోమని చుట్టుపక్కల వాళ్లంతా సలహా చెప్పారు. ఆయన కుర్చీతోపాటు నన్నూ కొన్నారు. నాకు గేర్లు వాటంతట అవే పడతాయి. బ్రేకునూ యాక్సిలరేటరునూ కలిపి స్టీరింగు పక్కన, ఎడమ చేతికి అందేలా ఒక ఇనుప కడ్డీ పెట్టించారు. ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. సాయంత్రాలు భీమిలి దారిలో మేమిద్దరం ఎంత తిరిగామో! ఆయనకూ నాలాగే ఇంట్లో తోచేది కాదు.

ఆయన పోయాక భార్య సుగుణమ్మ గారు నా వైపు చూడలేకపోయారు. వాకిట్లో నేనుంటే ఆయన లోపల కూర్చుని హారను కొడతారేమో అనిపించేదట. పాత కార్లు అమ్మే చిన్నంనాయుడిని పిలిపించి, "ఆ కడ్డీ తియ్యకండి బాబూ, అవసరం ఉన్నోళ్లకి ఇవ్వండి" అని అప్పగించారు. అతను అలాగేనన్నాడు. అన్నప్పుడు నిజంగానే అనుకున్నాడు కూడా.

అతని యార్డు హైవే పక్కనే. ఎదురుగా పగలూ రాత్రీ బళ్లు పోతుంటాయి. నేను మాత్రం వరసలో ముక్కు గోడకానించి నిలబడి ఉండాలి. టైర్లలో గాలి తగ్గుతోంది, బ్యాటరీ నీరసిస్తోంది, అద్దాల మీద దుమ్ము. కొనడానికి వచ్చినవాళ్లు తలుపు తీసి కూర్చునేవారు, కడ్డీని చూసి "ఇదేటిది?" అని అడిగేవారు. సంగతి తెలియగానే చప్పున దిగిపోయేవారు. నాలో ఇంకో నిమిషం కూర్చుంటే తమ కాళ్లకూ ఏదో అయిపోతుందన్నట్టు!

ఒకరోజు చిన్నంనాయుడి ఫోన్లో ఒక ఆడమనిషి గొంతు వినపడింది. అతను వీడియోలో నన్ను చూపిస్తున్నాడు.

"రంగూ అదీ చూసినాను సార్. ఆ కడ్డీ దగ్గరికి పోండి. ముందుకు తొయ్యండి. ఊగుతాందా?"

"ఊగట్లేదమ్మా."

"మాది కదిరి సార్. ఇట్లాంటి బండి కోసం ఎన్నాళ్ల నుంచో వెతుకుతాండా. శనివారం వస్తాం, ఎవరికీ ఇయ్యొద్దు."

"రండమ్మా, రండి" అని ఫోను పెట్టేసి, అతను తన మెకానిక్కుతో అన్నాడు: "కదిరంట. అంత దూరం నుంచి పాత కారు కోసం ఎవరొస్తారేటి! ఫోన్లో అందరూ వొస్తామనే అంటారు."

శనివారం వచ్చింది, ఎండెక్కింది, ఆమె రాలేదు. అప్పలస్వామి అనే కాంట్రాక్టరు వచ్చాడు, భార్య పైడితల్లితో. ఆమె యార్డంతా తిరిగి నా దగ్గర ఆగి, బానెట్ మీద చెయ్యేసి, "ఇదిగో, ఈ రంగే నానడిగింది" అంది. అప్పలస్వామి లోపలికి తొంగి చూశాడు.

"ఆ ఇనప కర్ర పీకించీ నాయుడూ. ఇప్పుడే పట్టుకెళ్లిపోతాను."

చిన్నంనాయుడు ఒకసారి గేటు వైపు చూశాడు, తర్వాత మెకానిక్కుకు సైగ చేశాడు. బోల్టులు ఒక్కొక్కటే వదులయ్యాయి. కడ్డీని తీసి నేల మీద పడేశారు. కాళ్లతో నడిపేవాళ్లకు ఇప్పుడు నాలో ఏ అడ్డూ లేదు. నాకైతే నా చెయ్యి ఊడదీసినట్టే ఉంది.

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. ముందు రెండు చంకకర్రలు నేలకు ఆనాయి, తర్వాత ఆమె దిగింది. వెంట సంచీలు మోస్తూ తమ్ముడు. ఆమె పేరు ఓబుళమ్మ. కదిరి దగ్గర ఒక పల్లె హైస్కూల్లో తెలుగు చెబుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చింది. తమ్ముడు రామాంజికి పిండిమర ఉంది. రోజూ పొద్దున అక్కను బండి మీద బడికి దింపడం, సాయంత్రం తీసుకురావడం అతని పని. అనంతపురంలో తనలాంటి ఒకాయన కారు మీద నేర్చుకుని ఆమె లైసెన్సు కూడా తెచ్చుకుంది.

ఆమె నన్ను చూడలేదు. ముందు నేల మీద ఉన్న కడ్డీని చూసింది.

"దాన్నెందుకు తీసినారు సార్?"

"మీరు వొస్తారో రారో అని..." చిన్నంనాయుడు తల గోక్కున్నాడు.

"వస్తామని చెప్తిని కదా. రైలు లేటాయె."

రామాంజికి కోపం ఆగలేదు. "నేను ముందే చెప్తిని గదక్కా! ఫోన్లో వీడియో చూసి ఇంత దూరం ఎవరన్నా వస్తారా? పోదాం పా."

ఆమె కదల్లేదు. అప్పలస్వామి వైపు తిరిగింది. "అన్నా, ఈ కారు మీరు తీసుకున్నారా?"

"బయానా ఇచ్చీసినాన్తల్లీ. నువ్వు ఏరే కారు తీసుకుని ఇలాటి కర్ర ఏయించుకోరాదా?"

"మా పక్క వేసేవాళ్లు లేరన్నా. వేయించుకున్నా ఆఫీసుల చుట్టూ తిరగాల. దీని కాగితాల్లో అది ముందే ఎక్కించి ఉండాది. ఈడుండే బండ్లన్నీ మీరు నడపొచ్చు. నాకు ఇదొకటే."

బతిమాలుతున్నట్టు అనలేదు. పిల్లలకు పాఠం చెప్పినంత మామూలుగా చెప్పింది. అప్పలస్వామి ఎటూ తేల్చుకోలేక మీసం సవరించుకున్నాడు. పైడితల్లి కాసేపు ఆ చంకకర్రల వైపు చూసి, మొహం తిప్పుకుంది.

"నాకీ రంగు నచ్చనేదు" అంది.

"అదేటే? ఇందాక నువ్వే గదా..."

"ఇందాక ఎండలో సరిగ్గా కనపడనేదు. అదిగో, ఆ ఎర్రది సూడు" అని వెనక్కి చూడకుండా నడిచి వెళ్లి ఎవరి కంటికీ ఆనని ఓ ఎర్ర కారు తలుపు పట్టుకుంది. మనుషులు అబద్ధాలాడగా చాలాసార్లు విన్నాను. అంత అందంగా ఆడినది మాత్రం ఆ ఒక్కసారే.

కడ్డీని మళ్లీ బిగించారు. మెకానిక్కుకు భోజనం వేళ దాటిపోయింది, చేతులు తొందరపడ్డాయి. చిన్నంనాయుడు ముఖం చెల్లక దగ్గరుండి టైర్లలో గాలి కొట్టించాడు. రామాంజి కారును లారీ మీద పంపిద్దామన్నాడు, లేదంటే ఎవరన్నా డ్రైవరును మాట్లాడదామన్నాడు. "నేను నడుపుకోకపోతే దీన్నెందుకు కొన్నట్టురా?" అంటూ ఆమె నాలోకి ఎక్కి కూర్చుంది.

దారి పొడుగునా రామాంజి కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "అక్కా, లారీ! అక్కా, మెల్లగ!" ఆమె పెదవి కరుచుకుని నడిపింది. నాకు మాత్రం ఒళ్లంతా గాలి. ఇన్నాళ్ల తర్వాత చెట్లు వెనక్కి పోతున్నాయి!

తుని దాటాక ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. ఆమె కడ్డీని బలంగా ముందుకు తోసింది. లారీ వెనక రాసిన ఫోను నంబరు మా ముగ్గురికీ స్పష్టంగా కనిపించేంత దగ్గర్లో ఆగాను. ప్రాణం కుదుటపడి మళ్లీ కదిలాం. కానీ ఆ దెబ్బకు, సరిగా బిగించని బోల్టు ఒకటి మర వదిలింది. అది ఒక్కో గుంతకూ కొంచెం కొంచెం బయటికి వస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోరు లేదు. ఉన్నదల్లా చప్పుడే. టక్, టక్ అన్నాను.

"ఏందో సప్పుడు వస్తాంది" అంది ఆమె.

"పాత బండి గదక్కా, సప్పుడు చేయక ఏం చేస్తాది? పోనీ."

టక్, టక్, టక్. వేగం పెరిగితే ఆ చప్పుడు గాలిలో కలిసిపోతుందేమోనని నాకు భయం. ఆమె వేగం పెంచలేదు. మెల్లగా రోడ్డు అంచుకు తెచ్చి ఆపింది. "దిగి చూడు."

రామాంజి విసుక్కుంటూ వంగి, కడ్డీ మొదట్లో చెయ్యి పెట్టాడు. బోల్టు అతని అరచేతిలోకి ఊడి వచ్చింది.

అతను చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత నా డిక్కీలోని పానా తెచ్చి, పిండిమర ఇనుముతో ఏళ్లుగా పెనుగులాడిన చేతులతో దాన్ని బిగించాడు. మిగతావన్నీ బిగించాడు. మళ్లీ మొదటి నుంచి బిగించాడు. అయినా లోపలికి రాకుండా రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"ఇంగో ఊరి దాకా పోయింటే?" అన్నాడు.

"పోలేదు గదా."

"నాకు భయమైతాందక్కా."

"నాకు కాదనుకున్న్యావా?"

అతను నేలకేసి చూస్తూ అడిగాడు: "ఇంగమీద బడికాడికి నేను రావాల్సిన పన్లేదు గదా?"

"లేదు."

"మరి పొద్దున్నే నేనేం చేయాల?"

ఆమె కిటికీలోంచి అతని వైపు చూసింది. "నిద్రపోరా."

అతను నవ్వబోయి, మొహం తుడుచుకుని, ఎక్కి కూర్చున్నాడు. అక్కణ్నుంచి కాలితో బ్రేకు తొక్కడం మానేశాడు. నెల్లూరు దాటాక నిద్రపోయాడు కూడా.

కదిరి చేరిన తర్వాత ఆమె మొదటిసారి ఒంటరిగా బడికి బయలుదేరిన పొద్దున, రామాంజి నిద్రపోలేదు. మర తలుపు దగ్గర నిలబడి, మేము మలుపు తిరిగేదాకా చూశాడు. వేరుశనగ చేల మధ్య నుంచి పోయాం. బడి గేటు కనిపించింది. బడి మొదలవడానికి ఇంకా చాలా సమయం ఉంది. అటెండరు పరుగున వచ్చి గేటు తెరిచి పట్టుకున్నాడు.

ఆమె ఆగలేదు.

ఆ రోడ్డు బడి దాటి ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదు. ఇన్నేళ్లలో ఆమె ప్రయాణం ఎప్పుడూ ఆ గేటు దగ్గరే అయిపోయేది. రాళ్ల గుట్టలు వచ్చాయి, ఒక చిన్న వంతెన వచ్చింది, పది ఇళ్లున్న పల్లె వచ్చింది. అక్కడ గొర్రెలు దారి విడవకపోతే ఆపి, ఇంజిను ఆపేసి, అద్దం దించింది. నిలబడటమంటే పడని నాకు, ఆ నిలబడటం బాగుంది.

ఫోను మోగింది. రామాంజి.

"బడి చేరినావా అక్కా?"

"లేదురా."

"యాడుండావ్?"

ఆమె అటూ ఇటూ చూసింది. "తెలీదు."

"తెలీదంటే ఏంది? ఏ ఊర్లో ఉండావ్?"

"తెలీదురా. బోర్డు లేదు."

పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు ఆమెను ఒక చోట దింపేవారు. కాబట్టి ఆమె ఎక్కడుందో ఎవరో ఒకరికి ఎప్పుడూ తెలిసే ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టిందనుకుంటాను. రామాంజి ముందు నవ్వాడు. ఆమె స్టీరింగు మీద తల ఆనించి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. గొర్రెలు వెళ్లిపోయాయి, వాటి వెనకే కాపరి ముసలామె కూడా మమ్మల్ని వింతగా చూస్తూ వెళ్లిపోయింది. ఆమెను ఊరి పేరు అడగొచ్చు. ఓబుళమ్మ అడగలేదు.